సీలు లేని బొమ్మ

1987 మార్చి 7, శనివారం. అరోరా, అమెరికా

నేను చెబుతున్నాను, జ్ఞానమ్మ రాస్తోంది. నాకు చదువు లేదు. జ్ఞాపకం ఉంది, నోరుంది. ఈ పుస్తకం నాది. నేను పోయేదాకా ఎవరికీ చూపించను. మరి రాయించడం ఎందుకంటే, రేపు వీళ్ళంతా మేమలా అనలేదు, ఇలా అనలేదు అంటారు. పదిమంది ఒకే మాట అంటే నా జ్ఞాపకం మీద నాకే అనుమానం వస్తుంది. అలా రాకూడదని.

జ్ఞానమ్మ మా సంఘం చైర్మన్ ఏసుపాదానికి స్వయానా అక్క. తమ్ముడి మీద నేను చెప్పే మాటలు అక్క చేత రాయించడం న్యాయం కాదు. కానీ ఈ అపార్ట్‌మెంట్లలో తెలుగు తీరుగా రాసే చెయ్యి ఈవిడదొక్కటే. మిషన్ బడిలో టీచరుగా పనిచేసింది. ముందే ఒప్పందం చేసుకున్నాం. చెప్పింది చెప్పినట్టు రాయాలి. నచ్చకపోతే పెన్ను మూసి లేచిపోవచ్చు.

సంగతి ఇది. మా తెలుగు సంఘం సొంత మందిరం కడుతోంది. ఇన్నాళ్ళూ అమెరికన్ల గుడిలో, వాళ్ళ ఆరాధన అయ్యాక మధ్యాహ్నం పూట కూడుకున్నాం. తాలింపు వాసన మిగలకూడదని మంచు పడుతున్నా కిటికీలు తెరిచి వండుకున్నాం. కొత్త మందిరంలో వంటగది బేస్‌మెంట్‌లో ఉంటుంది, భోజనాల హాలు పైన. మధ్యలో మెట్లు. సంఘమంతా కలిసి భోంచేసే ప్రేమ విందు రోజున పలావు డేగిసాని గెడకర్రకు తగిలించి, ఇద్దరు మగవాళ్ళు భుజాల మీద ఆ మెట్లెక్కి తేవాలి. స్త్రీల సమాజం వంట నా చేతిలో ఉంది గనక ఆ మెట్లు కూడా నా సంగతే.

నా కోడలు దెబోరా డక్టులు చేసే కంపెనీలో డ్రాయింగులు గీస్తుంది. డక్టంటే వేడిగాలి పోయే రేకు గొట్టం. మన మందిరం పని వాళ్ళ కంపెనీది కాదు, వేరేవాళ్ళది. దెబోరా ఆఫీసుకి కిందటేడు పెద్ద కంప్యూటరు వచ్చింది. అందులో గోడలు, దూలాలు, గొట్టాలు అన్నీ పెట్టి ఇల్లు మొత్తాన్ని నిలబెట్టవచ్చట. పని నేర్చుకోవడానికి ఈ పిల్ల శనివారాలు వెళ్ళి మన మందిరాన్నే అందులో కట్టింది. కట్టేసరికి బయటపడింది. మెట్ల పైన ఇనుప దూలం ఎక్కడుందో డక్టూ అక్కడే ఉంది. దూలం కదలదు. కాబట్టి డక్టు దాని కిందికి దిగుతుంది. దిగితే మెట్లెక్కే మనిషి తలకు తగులుతుంది. ముందువాడు తల వంచాడంటే గెడకర్ర భుజం మీంచి జారుతుంది. వెనకవాడి మీద పడేది పొయ్యి మీంచి అప్పుడే దించిన పలావు.

డక్టులవాళ్ళు ఈ నెలాఖరుకి వస్తారు. ఈలోపల మందిరం కట్టిస్తున్న కమిటీ కంప్యూటర్‌లోని ఆ బొమ్మ చూడాలి. నాకు కావలసింది అంతే. చూడాలి.

మార్చి 8, ఆదివారం

ఆరాధన అయ్యాక ఏసుపాదాన్ని కోట్లు తగిలించే గది దగ్గర పట్టుకున్నాను. ఆయన హైవే డిపార్ట్‌మెంట్‌లో ఇంజనీరు. పొడుగు మనిషి, మర్యాదస్థుడు. అంతా విన్నాడు. దెబోరా తెలివైన పిల్ల అన్నాడు. పిల్లలు వీడియో గేములు ఆడుకుంటున్నారు కదా, ఇదీ అలాంటి సరదా అన్నాడు. ఆర్కిటెక్టు ప్రతి పేజీ మీదా సీలు వేసి ఇచ్చాడు, కాంట్రాక్టరు దాన్ని చూసి కడతాడు, ఇదీ పద్ధతి అన్నాడు.

"సీలు లేని బొమ్మ చూసి మనం మాట్లాడకూడదు అమ్మగారూ."

"చూడ్డానికి సీలెందుకయ్యా? కళ్ళుంటే చాలదూ?"

"చూస్తే అది మనదవుతుంది" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. కోటు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

మార్చి 10, మంగళవారం

దెబోరాని కూర్చోబెట్టి అడిగాను. ఒకే చోట రెండు వస్తువులు పెట్టేటంత గుడ్డివాళ్ళా వీళ్ళు అని. గుడ్డితనం కాదు అత్తయ్యా, పద్ధతే అంత అంది. మెట్లు ఒక పేజీలో ఉంటాయి. దూలాలు ఇంకో పేజీలో, అది వేరే ఇంజనీరు గీస్తాడు. డక్టులు మూడో పేజీలో. ఎవడి పేజీ వాడిదే. మూడూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూసే పని ఎవరి ఉద్యోగంలోనూ రాసిలేదు. డక్టు పేజీలో అది ఎంత ఎత్తులో పోతుందో కూడా ఉండదు. పైన పోతుంది అని ఉంటుంది. ఆ పైన అన్నది ఎంత ఎత్తో సైట్‌లో, అంటే కట్టేచోట, తేలుతుంది.

ఎలా తేలుతుందంటే, సీలింగ్ పైన జాగా ముందొచ్చినవాడిది. బస్సు ఆగకముందే కిటికీలోంచి సీటు మీద తువ్వాలు విసరడం లేదూ, అలాగ. డక్టులవాడు తువ్వాలు వేశాక నీళ్ళ పైపులవాడు వంగి పోతాడు, కరెంటువాడు దూరి పోతాడు. ఏళ్ళ తరబడి అలాగే కడుతున్నారు. ఎక్కడైనా తగిలితే పగలగొట్టి మళ్ళీ కడతారు, దానికి వేరే బిల్లు. ఇక అందరి సామానూ ముందే కంప్యూటర్‌లో పెట్టి చూద్దామంటే ఎవరు ఒప్పుకుంటారు?

ఆర్కిటెక్టుకి పంపకపోయావా అన్నాను. ఆయన దగ్గర ఆ మెషినే లేదట. బొమ్మ ఎక్కించిన ఫ్లాపీ పంపితే కాఫీ కప్పు కింద పెట్టుకుంటాడు అని నవ్వింది. నవ్వు రాలేదు నాకు.

మార్చి 11, బుధవారం

మా అబ్బాయి జయరాజు "అమ్మా, వదిలెయ్" అన్నాడు. వాడు కమిటీలో ట్రెజరర్. వదల్లేదు.

మార్చి 14, శనివారం

దెబోరా నన్ను ఆఫీసుకి తీసుకెళ్ళింది. శనివారం గనక ఎవరూ లేరు. బొమ్మ చూశాను. నాకు అంతా అర్థమైంది.

నల్లటి అద్దం మీద పచ్చటి గీతలు. చాలా ఉన్నాయి. మెట్లు తెలిశాయి, దూలం తెలిసింది, డక్టు తెలిసింది. దెబోరా వేలు పెట్టి చూపించింది, తలూపాను. బొమ్మని ఇటు తిప్పి చూపించింది, తలూపాను. తిప్పడానికి ఆ మెషినుకి చాలాసేపు పట్టింది. అంతసేపూ ఆ పిల్ల మొహం చూశాను. పెళ్ళయి వచ్చినప్పటినుంచి ఎప్పుడూ అంత వెలుగు చూడలేదు ఆ మొహంలో.

దూలం ఎటువైపు ఉందని జ్ఞానమ్మ అడుగుతోంది. ఎటువైపుంటే నీకెందుకు, రాయి. అంతా అర్థమైంది.

మార్చి 16, సోమవారం

ఏసుపాదం ఫోన్ చేశాడు. లాయర్‌ని అడిగాడట. మందిరం మనది, డ్రాయింగులు ఆర్కిటెక్టు వాళ్ళవి. మనం అన్నిటినీ కలిపి చూసి ఒక తప్పు పట్టుకున్నామంటే, మిగతా తప్పులు ఎందుకు పట్టుకోలేదని రేపు మనల్నే అడుగుతారు. చూడనంతకాలం తప్పు వాళ్ళది. అందుకని చూడవద్దన్నాడు లాయరు.

ఆయన డిపార్ట్‌మెంట్‌లో ఒకతను ఇలాగే మంచికి పోయి ఒక గోడ డ్రాయింగ్‌లో లోపముందని నోట్ రాశాడట. ఆ గోడ వేరేచోట పగిలింది. నువ్వు చూశావుగా అని అందరూ అతని మీదే పడ్డారు. అతను ఇప్పుడు ఉద్యోగంలో లేడు. ఏసుపాదం ఈ మాట చెబుతూ గొంతు తగ్గించాడు.

అబద్ధం చెప్పడం లేదు. అందుకే నాకు ఇంకా కోపం వచ్చింది. అబద్ధమైతే కడిగేసేదాన్ని. తల పగులుతుందని తెలిసి, తెలియనట్టు కూర్చుంటే క్షేమమట. ఆ క్షేమం ఎవరికి? మెట్లు దిగనివాడికి. రాయి జ్ఞానమ్మా, నీ తమ్ముడు పిరికివాడు. రాయి.

మార్చి 21, శనివారం

మధ్యలో ఏమీ లేదు. లేచిపోవచ్చని నేనే అన్నాను, జ్ఞానమ్మ లేచిపోయింది. ఈ నాలుగు రోజులూ చెప్పవలసింది నోట్లోనే ఉండిపోయింది. గోడలకి చెబితే నిలవదు.

ఇవాళ తలుపు కొట్టి, పలకరింపైనా లేకుండా పుస్తకం ఇమ్మంది. పిరికివాడు అన్నది కొట్టేసి భయస్తుడు అని రాయనా అని అడిగింది. రెండూ ఉండనీ అన్నాను. రాసింది.

రేపు సంఘం మొత్తం కూడిక.

మార్చి 22, ఆదివారం

జరిగింది జరిగినట్టు చెబుతాను.

చివర్లో ఎవరికైనా ప్రశ్నలున్నాయా అన్నారు. లేచాను. జయరాజు నేల చూశాడు. డేగిసా సంగతి, మెట్ల సంగతి, కంప్యూటర్‌లో దెబోరా కట్టిన బొమ్మ సంగతి చెప్పాను. కమిటీ వెళ్ళి చూసి రావాలన్నాను. వెనక ఎవరో నవ్వారు. ఏసుపాదం లేచాడు. కోపం లేదు ఆయన గొంతులో.

"అమ్మగారూ, మీరు చూశారు కదా. ఏం కనిపించిందో సంఘానికి చెప్పండి."

హాలంతా నా వైపు తిరిగింది. దెబోరా కూడా.

"ఏమీ కనిపించలేదు" అన్నాను. "గీతలు కనిపించాయి. ఏది మెట్లో ఏది దూలమో నాకు తెలియలేదు. కోడలు చిన్నబుచ్చుకుంటుందని తలూపాను."

ఇంకా గట్టిగా నవ్వారు. నవ్వనిచ్చాను.

"కిందటి వేసవిలో ఈ హాల్లోనే కాగితాలు పరిచి, మందిరం డ్రాయింగులు చూడండి, సరేననేవాళ్ళు చేతులెత్తండి అన్నారు. నేనూ ఎత్తాను. ఆ కాగితంలోనూ నాకేమీ కనిపించలేదు. మీలో ఎంతమందికి కనిపించిందో ఇప్పుడు చేతులెత్తండి."

సంఘంలో నర్సులున్నారు, అకౌంటెంట్లున్నారు, డాక్టర్లున్నారు. ఒక చెయ్యి లేచింది, ఏసుపాదానిది. సగం దాకా లేచి ఆగింది.

"పూర్తిగా ఎత్తవయ్యా. నీకు తెలుసు. మూడు పేజీలూ ఎప్పుడైనా ఒకదాని మీద ఒకటి పెట్టి చూశావా?"

చెయ్యి దించేశాడు. అది నా పని కాదు అన్నాడు, మెల్లిగా.

బొమ్మ చూడాలని మాత్రం ఓటు పడలేదు. లాయర్ మాట గట్టిది. ఆర్కిటెక్టుకి ఒక ప్రశ్న పంపుదామన్నారు. ఎవరు సంతకం పెట్టాలి? ఇంజనీరు పెట్టకూడదు, లైసెన్సుకి దెబ్బ. ట్రెజరర్ పెట్టకూడదు, కమిటీ చూసినట్టవుతుంది. దెబోరా పెడితే వాళ్ళ కంపెనీ ఊరుకోదు. చివరికి స్త్రీల సమాజం పేరుతో పంపారు.

ఇంటికొచ్చేటప్పుడు కారు దెబోరా నడిపింది. గరాజ్‌లో ఇంజన్ ఆపాక అంది, "అత్తయ్యా, తెలియలేదని నాకా రోజే తెలుసు."

మార్చి 25, బుధవారం

జవాబొచ్చింది. డ్రాయింగులు సరిపోతాయి, ఏమైనా ఉంటే సైట్‌లో చూసుకోవలెను. అంతే. జయరాజు చదివి మడిచి పెట్టాడు. చూసుకోవలెను అంటే ఎవరు చూసుకోవాలిరా అన్నాను. అలా రాయడం మామూలే అమ్మా, ఎవరూ చూసుకోరు అన్నాడు.

సరే. నేను చూసుకుంటాను.

మార్చి 28, శనివారం

డేగిసా వేసుకుని సైట్‌కి వెళ్ళాం. పెద్దది. నేను, దెబోరా, జయరాజు, జ్ఞానమ్మ. ఏసుపాదాన్ని రమ్మని అక్కే చెప్పింది. ఏం చెప్పిందో నాకు చెప్పదు, ఇక్కడా రాయదు. మొత్తానికి వచ్చాడు.

కాంట్రాక్టరు డ్వైట్ అనే తెల్లాయన. శనివారం ఒక పూట పని చేయిస్తాడు. మమ్మల్నీ డేగిసానీ చూసి టోపీ వెనక్కి తోశాడు. ఆర్కిటెక్టు సైట్‌లో చూసుకోమన్నాడు, చూసుకోవడానికొచ్చాం అని జయరాజు చేత చెప్పించాను.

మెట్లు చెక్కతో కట్టారు. పైన దూలం పెట్టేశారు, డక్టు ఇంకా రాలేదు. దెబోరా టేపు తీసింది. కంప్యూటర్‌లో డక్టు అడుగు ఎంత ఎత్తులో వచ్చిందో అంత ఎత్తున గోడకీ గోడకీ మేకులు కొట్టి అడ్డంగా తాడు కట్టింది. డేగిసా సగానికి నీళ్ళు పోయించాను. గెడకర్ర తగిలించాం. ముందు ఏసుపాదం, వెనక జయరాజు.

"ఇది అవసరమా అమ్మగారూ?" అన్నాడు, కోటు తీసి అక్కకిస్తూ.

"బొమ్మ చూడొద్దన్నాడు మీ లాయరు. మెట్లు ఎక్కొద్దనలేదుగా."

ఎక్కాడు. నీళ్ళు చూసుకుంటూ అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చాడు. తాడు నుదుటికి తగిలింది. ఆగాడు. తల వంచాడు. గెడకర్ర భుజం మీంచి జారింది, డేగిసా ఒరిగింది, నీళ్ళన్నీ మా అబ్బాయి గుండెల మీద పడ్డాయి. మెట్ల కింద జయరాజు తడిసి ముద్దై నిలబడ్డాడు. మార్చి చలి. నీళ్ళు కాబట్టి నిలబడ్డాడు.

డ్వైట్ ముందు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి పైకెక్కి టేపు పెట్టి తాడు కొలిచాడు. దూలం కొలిచాడు. మళ్ళీ తాడు కొలిచాడు. ఈ ఎత్తు ఎక్కడినుంచి వచ్చిందని దెబోరాని అడిగాడు. ఏ పేజీలో ఉంది?

"ఏ పేజీలోనూ లేదు" అంది దెబోరా.

ఆయన ఆర్కిటెక్టుకి ఫోన్ చేయడానికి సైట్ ఆఫీసు ట్రెయిలర్‌లోకి వెళ్ళాడు. ఏసుపాదం మెట్టు మీద కూర్చుండిపోయాడు. నుదుటి మీద తాడు గీత ఎర్రగా ఉంది. అనవలసినవి చాలా ఉన్నాయి, అనలేదు.

ఏప్రిల్ 1, బుధవారం

డక్టు మార్చారు. మెట్లు తప్పించి, కొత్త మందిరం కోట్ల గది గోడ పక్కనుంచి తీసుకుపోతారు. ఆర్కిటెక్టు కొత్త పేజీ గీసి, దాని మీద సీలు వేసి పంపాడు.

కమిటీ మీటింగ్ మినిట్స్ జ్ఞానమ్మ చదివి వినిపించింది. "సైట్ పరిశీలనలో గమనించి సరిచేయడమైనది." అంతే ఉంది. ఎవరు గమనించారు? తాడు దానంతట అదే వచ్చి గోడకి కట్టుకుందా? దెబోరా పేరు లేదు. కంప్యూటర్ మాట లేదు. మెట్లు బాగుపడ్డాయి కదా అత్తయ్యా, చాలదా అంటుంది దెబోరా. జయరాజు కూడా అదే అంటాడు, తుమ్ముతూ.

చాలదు. మెట్లు కావాలని నేనెప్పుడూ అనలేదు.

జ్ఞానమ్మ మొదటి పేజీ తిప్పి చూపిస్తోంది. మెట్లు నా సంగతే అని ఉందట. ఉంటే ఉండనీ. దాని కింద ఇంకో మాట కూడా ఉంది, అదీ చదువు. ఇప్పటిదాకా ఒక్కడూ ఆ బొమ్మ చూడలేదు. తాడు చూశారు, నీళ్ళు చూశారు, కొత్త కాగితం చూశారు.

ఏప్రిల్ 2, గురువారం

చాలదు.

ఏప్రిల్ 4, శనివారం

సాయంత్రం ఏసుపాదం మా ఇంటికొచ్చాడు. ఒక్కడే. అక్క ఇక్కడ పుస్తకం ముందేసుకుని ఉంటుందని అనుకోలేదు. చూసి కాస్త తడబడ్డాడు. టీ పెట్టాను.

చాలాసేపు వాతావరణం గురించి మాట్లాడాడు. ఆ తర్వాత బాప్తిస్మపు తొట్టి సంగతి ఎత్తాడు. తొట్టి వేదిక వెనక వస్తుంది. నీళ్ళు వెచ్చబెట్టే హీటరు దాని కింద. ఆ పైపు ఎటునుంచి వస్తుందో, అక్కడ పునాది ఎంత మందం ఉందో ఆయనకి అనుమానంగా ఉంది. రాత్రిళ్ళు పేజీలు ఒకదాని మీద ఒకటి పెట్టి దీపానికి అడ్డంగా పట్టుకుని చూస్తున్నాడట. తేలడం లేదు.

"దెబోరా, అందులో అది కూడా ఉందా అమ్మా?" అన్నాడు. "నాకు మాత్రం చూపించు చాలు. ఆఫ్ ది రికార్డ్. లాయర్‌కి తెలియక్కర్లేదు."

నాకు ఒళ్ళు మండింది. మూడు వారాలుగా నోట్లో పెట్టుకున్నదంతా పైకొచ్చింది. టీ గిన్నె దించి ఇటు తిరిగాను.

దెబోరా నా కంటే ముందు మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"ఉంది అంకుల్. చూపిస్తాను. రేపు కమిటీలో అడగండి. దెబోరా కంప్యూటర్‌లో కట్టిన మోడల్ చూడాలి అని, అలాగే చెప్పి అడగండి. మినిట్స్‌లో కూడా అలాగే రాయించండి."

"అది రాస్తే బాధ్యత మన మీద..."

"నా మీద కూడా అంకుల్. నా మేనేజర్‌తో మాట్లాడాను. నా పేరు పెట్టుకోమన్నారు. లాయర్‌ని కూడా తీసుకురండి. ఆయన అడిగినంతసేపు తిప్పి చూపిస్తాను."

ఎప్పుడు మాట్లాడిందో మేనేజర్‌తో, నాకు చెప్పలేదు. ఏసుపాదం అక్క వైపు చూశాడు. ఆవిడ తల ఎత్తలేదు, రాస్తోంది. నా వైపు చూశాడు. కప్పు ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని ఎత్తి తాగబోయాడు. టీ పోయలేదని నాకు అప్పుడు తోచింది.

ఏప్రిల్ 5, ఆదివారం

అడిగాడు. నిలబడి, అందరి ముందూ, దెబోరా పేరు చెప్పి. మినిట్స్‌లోనూ అలాగే రాశారు. వచ్చే శనివారం పొద్దున్నే అందరూ దెబోరా ఆఫీసుకి వెళ్తున్నారు. ఎవరి కార్లో ఎవరు ఎక్కాలో నేనే చెప్పాను. లాయరు నా పక్కన కూర్చుంటాడు.